బాట క్రింది ఆవము

చరిత్ర యనగానే మన విద్యార్థులకు కోటలు, శాసనములు, రాజవంశములు స్ఫురించును. రాజు శాసనము వ్రాయించెను. కుమ్మరి ఏమియు వ్రాయించలేదు. అతని చరిత్ర అంతయు అతడు కాల్చిన మట్టిలోనే యున్నది. కుండలు కాల్చు చోటును తెలుగులో ఆవము అందుము, ఉర్దూలో ఆవా అందురు. రెండును సంస్కృతములోని ఆపాక శబ్దమునకు చుట్టములే. మన కళాశాలలోని ఉభయ భాషలును ఈ విషయమున ఒకే మాటను పంచుకొనుచున్నవి.

ఆవము చెప్పు సంగతులు

కుండ సంతలో అమ్ముడుపోయి దూరదేశములకు పోవచ్చును, ఆవము కదలదు. అందుచేతనే పురావస్తు శాస్త్రజ్ఞునకు పెంకు కంటె ఆ పెంకు పుట్టిన ఆవము ఎక్కువ విలువైనది. దాని చుట్టును బూడిద, బొగ్గు, వంకరపోయిన పాత్రలు, మితిమీరి కాలి కరగిన పెంకులు పడియుండును. బొగ్గును బట్టి ఏ చెట్టు కట్టెను వాడిరో తెలియును. చెడిపోయి పారవేసిన పాత్రలను బట్టి ఆ ఊరిలోనే ఏ రకము కుండలు తయారైనవో నిర్ణయింపవచ్చును.

తెలంగాణలో రాక్షసగుళ్ళని ప్రజలు పిలుచు బృహచ్ఛిలాయుగపు సమాధులలో లోపల నలుపు, వెలుపల ఎరుపు గల పాత్రలు లభించినవి. పాత్రను బోర్లించి కాల్చినప్పుడు గాలి సోకని లోపలి భాగము నల్లబడి, గాలి తగిలిన వెలుపలి భాగము ఎర్రబడునని పండితులు వివరింతురు. నిప్పునకు గాలిని ఎంత అందనీయవలెనో ఆనాటి కుమ్మరికి చక్కగా తెలియునన్నమాట.

మరియొక విశేషము కలదు. మట్టిలోని ఇనుపకణములు బాగుగా కాలి చల్లారునప్పుడు ఆనాటి భూ అయస్కాంత దిశను పట్టి నిలుపుకొనును. ఆవపు గోడ కదలక యున్నంతవరకే ఆ దిశను కొలిచి దాని కాలమును అంచనా వేయవచ్చును. యంత్రము ఒక్కసారి పెకలించినచో ఇటుక మిగులును గాని దిశ మిగలదు.

మన ప్రాంతపు అనుభవము

హైదరాబాదు సంస్థానమున 1914లో పురావస్తు శాఖ ఏర్పడగా గులాం యజ్దానీ గారు దానికి అధిపతి యైరి. వారి కాలముననే, 1940 ప్రాంతమున, నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున త్రవ్వకములు జరిగినవి. శాతవాహనుల నాణెములు, పూసలు, తెల్లని మెత్తని మట్టితో అచ్చుపోసి కాల్చిన బొమ్మలు అచట బయల్పడినవి. ఆ నగరపు వృత్తిపనివారి నైపుణ్యమును మనము అక్కడి ప్రదర్శనశాలలో చూడవచ్చును.

నాగార్జునసాగరము నిర్మింపబడుటకు ముందు 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వమున నాగార్జునకొండ లోయ త్రవ్వబడినది. నూరుకు మించిన స్థలములు పరిశీలింపబడినవి. ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని కొండపైకిని, అనుపునకును తరలించి తిరిగి కట్టిరి. ఆవలి గట్టున ఏలేశ్వరమును రాష్ట్ర పురావస్తు శాఖ పక్షమున అబ్దుల్ వహీద్ ఖాన్ గారు త్రవ్వించి, 1963లో గ్రంథము వెలువరించిరి. శ్రీశైలము ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు తరలింపబడినది.

ఇవన్నియు నీటి మూలమున జరిగిన త్రవ్వకములు. జలాశయము ఒక్కసారిగా లోయను ముంచును గనుక లోకమంతయు మేల్కొనును. బాట అట్లు గాదు. ఊరూర ఒక్కొక్క చెక్కను తినివేయును. ఎవ్వరును గమనింపరు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి ప్రాంతమున ఏ-14 అను రహదారిని విస్తరించుటకు ముందు, 2016 – 2018 నడుమ, దారి పొడవునను త్రవ్వకములు జరిపిరి. రోమనుల కాలపు కుమ్మరి ఆవములు నలుబదికి మించి బయల్పడినవి. వాటిని కొలిచి, చిత్రించి, మన్నును పరీక్షించిన పిమ్మట 2020లో రహదారి పూర్తియైనది. అచట బాటయు దక్కినది, చరిత్రయు దక్కినది.

చట్టము – కర్తవ్యము

మన దేశమున 1958 నాటి చట్టము, దానికి 2010లో వచ్చిన సవరణ, రక్షిత కట్టడముల చుట్టును నూరు మీటర్ల వరకు క్రొత్త నిర్మాణములను నిషేధించుచున్నవి. కాని ఇంకను ఎవరి కంటను పడని స్థలమును రక్షితమని ప్రకటించుట ఎట్లు? 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినచో కలెక్టరుకు తెలుపవలెనని ఆజ్ఞాపించుచున్నది. కాలిన మట్టిగోడకు ఎవరు వెల కట్టుదురు?

బాటలు వలదని మేము అనుట లేదు. బాట లేక ఆసుపత్రి లేదు, కళాశాలయు లేదు. మన అమీర్‌పేట మీదుగా 2017లో ప్రారంభమైన మెట్రో రైలు వలన ఎందరో విద్యార్థులకు ప్రయాణము సులభమైనది. మేము కోరునది వరుసక్రమము మాత్రమే: ముందు పరిశీలకుని పార, పిమ్మట గుత్తేదారుని యంత్రము.

విద్యార్థులారా! సెలవులకు మీ గ్రామములకు పోయినప్పుడు, విస్తరింపబడుచున్న బాట అంచున కోసిన నేలను గమనింపుడు. ఎర్రగా కాలిన మన్ను, బూడిద పొర, పెంకుల కుప్ప ఒక్కచోట కనిపించినచో వాటిని కదలింపకుడు. ప్రక్కన కొలబద్ద నుంచి ఛాయాచిత్రము తీసి, గ్రామము పేరు, స్థలము వ్రాసికొని, పురావస్తు శాఖకు జాబు వ్రాయుడు. పెంకును జేబులో వేసికొని వచ్చినచో మనకు దక్కునది పెంకే. ఉన్నచోటనే ఉంచినచో ఒక ఊరి చరిత్ర దక్కును.

కళాశాల సంఘము వారు ఏటేట ఒక తరగతిని కొండాపురమునకు పంపుటకును, విద్యార్థులు తెచ్చు వివరములను తెలుగు, ఉర్దూ భాషలలో ఒక పుస్తకమున నమోదు చేయించుటకును ఏర్పాటు చేయవలెనని మా మనవి. దీనికి కావలసిన ధనము స్వల్పము. కావలసిన శ్రద్ధ మాత్రము అధికము.