మ్యాచ్ కాలేదు... ఇప్పుడేం చేయాలి?

సందేహం: గుంటూరులో ఎంబీబీఎస్ చేశాను. 2021లో పెళ్లయి డాలస్ వచ్చాను, హెచ్-4 వీసా. అమెరికా లైసెన్సు పరీక్షలు స్టెప్ 1, స్టెప్ 2 మొదటిసారికే పాసయ్యాను. ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి వేస్తే రెండే ఇంటర్వ్యూలు వచ్చాయి. మార్చిలో రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్ వారం మొదలైన సోమవారం, మ్యాచ్ కాలేదని ఈమెయిల్ వచ్చింది. మిగిలిన సీట్లకు జరిగే సోప్‌లోనూ రాలేదు. ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తబుద్ధి కావడం లేదు. తిరిగొచ్చి నీట్ పీజీ రాయనా?
- ఒక డాక్టర్, టెక్సాస్

సమాధానం: ఈ నెలలో ఏ నిర్ణయమూ తీసుకోకండమ్మా. ముందు నిద్ర, తిండి సరిచేసుకోండి. 2024 మ్యాచ్‌లో ప్రోగ్రాముల ర్యాంక్ లిస్టు పెట్టిన విదేశీ గ్రాడ్యుయేట్లలో, అమెరికా పౌరులు కానివారిలో సీటు దొరికింది 58.5 శాతం మందికే. పదిమందిలో నలుగురికి రాలేదు. వాళ్లంతా చేతకానివాళ్లా? సోప్ మరీ ఇరుకు. నాలుగు రోజుల్లో అయిపోతుంది, 45 అప్లికేషన్లు మించనివ్వరు.

ఇక అసలు సంగతి. పది పన్నెండు ఇంటర్వ్యూలు వచ్చి కూడా మ్యాచ్ కాకపోతే మాటతీరు, ర్యాంక్ లిస్టు చూసుకోమని చెప్పేదాన్ని. మీకు రెండే వచ్చాయంటే ప్రోగ్రాములు మీ ఫైలు దగ్గరే ఆగిపోయాయి. 2021 తర్వాత మీరు రోగుల మధ్య ఉన్నట్టు అందులో ఏముంది? ఎంబీబీఎస్ అయిన ఏడాది, అమెరికా ఆస్పత్రి అనుభవం చాలా ప్రోగ్రాములు మొదట్లోనే చూస్తాయి. సిఫార్సు లెటర్లు ఎవరు రాశారు? "మంచి అమ్మాయి, కష్టపడుతుంది" అని పెద్ద ప్రొఫెసర్ రాసిన మూడు లైన్ల కన్నా, "కిడ్నీ సరిగా లేని ఫలానా రోగికి ఆ నొప్పి మాత్ర ఎందుకని ఈమే అడిగింది" అని మామూలు డాక్టరు రాసిన లెటరు బరువు. అలాంటి లెటరు కావాలంటే ఒకే చోట, ఒకే డాక్టరు దగ్గర కొన్ని వారాలు కుదురుగా ఉండాలి. ఈ వేసవిలో మీ పని అదే.

పాసైన స్టెప్ 2 మళ్లీ రాయనివ్వరు కాబట్టి ఆ స్కోరు తలచుకుని కుమలొద్దు. విదేశీ డాక్టర్లకిచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ చేతిలో ఉంటే స్టెప్ 3 రాయండి. హెచ్-1బీ ఇచ్చే ప్రోగ్రాములు దాన్ని అడుగుతాయి. మనసుంటే ఫ్యామిలీ మెడిసిన్‌కీ వేయండి. సీటు గ్యారంటీ అనేవాళ్లకి, డబ్బిస్తే పరిశోధన పేపర్లో పేరు వేస్తామనేవాళ్లకి ఒక్క డాలరు కూడా ఇవ్వొద్దు. మీరు చేయని పేపరు గురించి ఇంటర్వ్యూలో అడిగితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

నీట్ పీజీ, మ్యాచ్ రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు. మీ సంసారం అక్కడే ఉంది, ఇంకొక్కసారి ప్రయత్నించండి. పాత ఫైలే మళ్లీ పంపేట్టయితే మాత్రం డబ్బు దండగ.

అమ్మ ఫోను ఎత్తండి. "ఈసారి రాలేదమ్మా, సెప్టెంబరులో మళ్లీ వేస్తున్నా" అంటే చాలు. బతికేం లాభం అనిపిస్తే ఆ క్షణమే 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, పగలైనా రాత్రయినా పలుకుతారు.

సందేహం: మా అబ్బాయికి లిస్టులో ఆఖరున పెట్టిన ఫ్యామిలీ మెడిసిన్, అదీ చిన్న ఊళ్లో వచ్చింది. కార్డియాలజీ వాడి కల. వదిలేసి వచ్చే ఏడాది చూసుకోవచ్చా?
- ఒక తండ్రి, వరంగల్

సమాధానం: వద్దండీ. ర్యాంక్ లిస్టులో పెట్టడమంటే ఒప్పుకున్నట్టే. మ్యాచ్ నడిపే ఎన్ఆర్ఎంపీ అనుమతి లేకుండా మానేస్తే తర్వాతి మ్యాచ్‌లకు రానివ్వకపోవచ్చు. ఫ్యామిలీ మెడిసిన్ నుంచి కార్డియాలజీకి దారి లేదు, ఆ మాట దాచను. వృద్ధుల వైద్యం, స్పోర్ట్స్ మెడిసిన్, పాలియేటివ్ కేర్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. వచ్చిన సీటులో చేరమనండి.