వేగానికి ముందు వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం: సాహసక్రీడలలో శిక్షణకు, స్వీయరక్షణకు గల ప్రాధాన్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

కొండ ఎక్కడానికి బలం కావాలి. దిగడానికి వివేకం కావాలి. ఈ సత్యాన్ని మౌంటెన్ బైకింగ్, అంటే పర్వత సైక్లింగ్ క్రీడ చక్కగా బోధిస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఫెయిర్‌ఫాక్స్ పట్టణ సమీపాన, 1976లో కొందరు యువకులు పాత సైకిళ్లపై కొండ దిగే పోటీలు ప్రారంభించారు. దాదాపు 1300 అడుగుల ఎత్తు నుండి దిగేసరికి వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి, అందులోని గ్రీజు పొగలై పోయేది. మళ్లీ గ్రీజు నింపవలసి వచ్చేది. అందువల్లనే ఆ దారికి ‘రీప్యాక్’, అనగా ‘తిరిగి నింపు’ అనే పేరు స్థిరపడింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు స్థానం లభించింది. ఉత్తర కాలిఫోర్నియాలో 2001లో హైస్కూలు విద్యార్థుల లీగు ఏర్పడగా, 2009లో జాతీయ స్థాయి సంఘం వెలసింది.

నాటి యువకులకు అనుభవమే గురువు. నేటి హైస్కూలు జట్టులో మాత్రం శిక్షణ వేగంతో గాక, ఆగడంతో మొదలవుతుంది. విద్యార్థి బయలుదేరేముందు టైర్లలో గాలి, బ్రేకులు, గొలుసు పరీక్షించుకోవాలి. సైకిలు ఎక్కిన క్షణం నుండి దిగేవరకు హెల్మెట్ తలపై ఉండాలి. ముందు బ్రేకును హఠాత్తుగా బిగిస్తే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు; వెనుక బ్రేకును అతిగా బిగిస్తే చక్రం జారుతుంది. కనుక రెండింటినీ సమన్వయంతో, మెల్లగా నొక్కడం అలవరచుకోవాలి. దిగుడులో పెడళ్లను సమతలంగా నిలిపి, మోచేతులు వంచి, శరీరాన్ని సీటు నుండి కొద్దిగా పైకి లేపాలి. దృష్టి చక్రం మీద గాక, రాబోయే దారి మీద నిలపాలి. సాధనకు వెళ్లినప్పుడు ముందొక శిక్షకుడు, వెనుకొక శిక్షకుడు ఉంటారు. దారులు చీలినచోట జట్టంతా ఆగి, అందరూ చేరాకనే కదులుతుంది. పాదచారులకు, గుర్రాలకు సైకిలుదారులే దారి ఇస్తారు.

అన్నింటికంటే కఠినమైన పాఠం వేరొకటి ఉంది. అది దెబ్బను దాచకపోవడం. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ల బాలుడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలినా, అదేరోజు మళ్లీ ఆటలోకి దిగి, తీవ్రమైన మెదడు గాయానికి గురయ్యాడు. ఫలితంగా 2009లో ఆ రాష్ట్రం అతని పేరిట చట్టం చేసింది. తలకు గాయమైందన్న అనుమానం కలిగితే క్రీడాకారుని వెంటనే ఆట నుండి తప్పించాలి; వైద్యుల లిఖితపూర్వక అనుమతి లేనిదే తిరిగి అనుమతించరాదు. 2014 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ ఇటువంటి చట్టాలు చేశాయి.

పడినవాడు వెంటనే లేచి పరుగు తీయడమే పౌరుషమని కౌమారం భావిస్తుంది. పోటీలో స్థానం పోతుందేమోనన్న భయంతో తలనొప్పిని, కళ్లు తిరగడాన్ని దాచిపెడుతుంది. కాని ఒక పోటీ చేజారితే మరొకటి వస్తుంది. దెబ్బతిన్న మెదడు సులభంగా కోలుకోదు. “నాకు దెబ్బ తగిలింది” అని చెప్పగలగడం కూడా ధైర్యమే. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట ఈ క్రీడలో అక్షరసత్యం.

అర్థాలు
కౌమారం = బాల్య యౌవనాల మధ్య దశ
పౌరుషం = పరాక్రమం
సమన్వయం = పొందిక

ప్రశ్నలు
1. ‘రీప్యాక్’ అనే పేరు ఎలా వచ్చింది?
2. దెబ్బను దాచడం వల్ల కలిగే అనర్థాన్ని సోదాహరణంగా వివరించండి.