చేను - చెరువు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లపు నేలలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులూ, అనేక మురుగు కాలువలూ తమ నీటిని ఇందులోకి చేరుస్తాయి. ఆ నీటిని సముద్రంలో కలిపే సహజమార్గం ఉప్పుటేరు ఒక్కటే. ఆ ఏటికి చేరువలో ఉన్నది ఆకివీడు. నీరు వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒక్కటి. ఈ ప్రాంతపు సేద్యాన్ని శాసించే సత్యం ఇదే.

ఇక్కడి పల్లపు పొలాలలో సార్వా పైరు తరచుగా ముంపునకు గురయ్యేది. దాళ్వా మీదనే రైతు ఆశ పెట్టుకొనేవాడు. 1980ల నుండి చేపల పెంపకం విస్తరించింది. బొచ్చె, శీలావతి చేపలు మంచుగడ్డల నడుమ కలకత్తా దాకా పయనించాయి. వరి ఇవ్వలేని ఆదాయాన్ని చెరువు ఇచ్చింది. వరదలతో విసిగిన రైతు అటు మొగ్గడాన్ని తప్పుపట్టలేము.

అయితే చెరువు తవ్వినవాడు గట్టును తన హద్దులోనే వేసినా, నీటికి హద్దురాళ్లతో పనిలేదు. ఏడాది పొడవునా నిలిచే నీరు గట్టు అడుగు నుండి ఊటగా పక్కచేనిలోకి దిగుతుంది. వరికి నీరు ప్రాణమే. కాని కోతల నాటికి చేను ఆరాలి. ఊట దిగిన చేను ఆరదు. కోసిన పనలు తడిసిపోతాయి. అవి ఉప్పునీటి రొయ్యల చెరువులైతే నేల చౌడుబారుతుంది. మేత, ఎరువుల అవశేషాలతో కూడిన నీరు చేలకు పారితే, నత్రజని మితిమీరి పైరు ఏపుగా పెరిగి నేలకొరుగుతుంది. గట్లు మురుగుబోదెలకు అడ్డుపడితే వాననీరు కదలదు.

చుట్టూ చెరువులు వెలసిన తరువాత నడుమ మిగిలిన చిన్నరైతుకు దారీ ఉండదు, మురుగూ పోదు. అతడు తన చేనును కూడా చెరువుకు కౌలుకిస్తే అది ఇష్టంతో చేసిన పని అనిపించుకోదు. నాట్లకూ కోతలకూ వెళ్లే కూలీలకు పని కరవవుతుంది.

రొయ్యల చెరువుల వ్యాజ్యంలో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని ఆదేశించింది. 1999లో కొల్లేటిలో 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను తొలగించారు. ఈ చర్యలు ప్రధానంగా సరస్సును ఉద్దేశించినవి. సరస్సు వెలుపల చెరువు పక్కన చేను గల రైతు కష్టం వేరు.

ఆ కష్టానికి నివారణోపాయాలు లేకపోలేదు. గట్టుకూ చేనుకూ నడుమ ఊటబోదె తవ్వాలి. మురుగుదారిని మూయరాదు. అనుమతికి ముందే ఇరుగుపొరుగు రైతుల సమ్మతి తీసుకోవాలి. భూమి ఎవరిదైనా, దాని గుండా పోయే నీరు అందరిదీ. తన లాభానికి పొరుగువాని పంటను వెలగా చెల్లించే హక్కు ఎవరికీ లేదు.

అర్థాలు
ఊట : భూమిలో నుండి ఉబికే నీరు
పన : కోసి పరచిన వరి
చౌడు : ఉప్పు తేలిన నేల
బోదె : చిన్న కాలువ

ప్రశ్నలు
1. చేపల చెరువు పక్కచేనుకు ఏవిధంగా నష్టం కలిగిస్తుంది?
2. చిన్నరైతు చేనును కౌలుకివ్వడం ‘ఇష్టంతో చేసిన పని అనిపించుకోదు’ అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.