కల్యాణ స్మృతి – ఎంపిక స్వాతంత్ర్యము

మంచిచెడ్డలను విచారించి, మంచిని తానుగా ఎంచుకొనగలవాడే స్వతంత్రుడు. ఆ ఎంపికకు ఆధారము జ్ఞాపకము. పూర్వము మరియొక మార్గమున నడచినవారు కలరని ఎరుగనివానికి, కంటికి కనబడు మార్గమొక్కటే ధర్మమని తోచును. కావుననే ప్రజలను అదుపులో ఉంచుకొనదలచిన అధికారము వారి జ్ఞాపకమును కూడ తుడిచివేయజూచును. 12వ శతాబ్దమునాటి కల్యాణ నగర చరిత్ర దీనికి నిదర్శనము. అదియే నేటి కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలోని బసవకల్యాణము.

పుట్టుకయే శాసనము

ఆనాటి సమాజమున మనుష్యుని జీవితము అతడు పుట్టకమునుపే నిర్ణయమై యుండెను. చేయవలసిన వృత్తి, కూర్చుండదగిన పంక్తి, నేర్వదగిన విద్య, పెండ్లాడదగిన కులము – అన్నియు పుట్టుకను బట్టియే. ఇందుకు రాజభటులు నిత్యము కాపలా కాయనక్కర లేకపోయెను. తల్లిదండ్రులు, ఇరుగుపొరుగువారు, కులపెద్దలు – వీరే కావలివారు. నలుగురితోపాటు నడువవలెనను భయమే సంకెల.

కలచురి బిజ్జలుని కొలువులో భండారియైన బసవేశ్వరుడు ఈ కట్టును ప్రశ్నించెను. అల్లమప్రభువు అధ్యక్షతన జరిగిన అనుభవ మంటప గోష్ఠిలో పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, కట్టెలమ్ము మోళిగె మారయ్య, తోళ్లు పదును చేయు డోహర కక్కయ్య, రాలిన బియ్యపు గింజలేరు దంపతులలోని ఆయ్దక్కి లక్కమ్మ సమానులై పాల్గొనిరి. భర్త అవసరమునకు మించి బియ్యము తెచ్చినపుడు లక్కమ్మ అతనిని మందలించెనని ప్రసిద్ధి. వీరందరు తమ అనుభవమును ఇంట మాట్లాడు కన్నడములోనే పలికిరి. ఆ పలుకులే వచనములు. ఇష్టలింగము ఎవరి అరచేతిలో వారికే ఉండుటచే పూజకు మధ్యవర్తి అవసరము కూడ తొలగెను.

ఒక పెండ్లి

చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణకులమున పుట్టి శరణుడైన మధువరసు తన కుమార్తెనిచ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఇరువైపులవారు ఇష్టపడి చేసికొన్న వివాహమది. దానివలన ఎవరికిని హాని లేదు. అయినను అధికారము భయపడెను. ఒక ఇంట జరిగినది రేపు పది ఇండ్ల జరుగవచ్చునుకదా! బిజ్జలుడు ఆ తండ్రులకు మరణదండన విధించెను. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము పొందెను. ఆ కల్లోలమున బిజ్జలుడును హతుడయ్యెను. శరణులు చెదరిపోయిరి. చెన్నబసవన్న మున్నగువారు వచనముల తాటాకులతో అడవిదారిని ఉళవి చేరిరని ప్రతీతి.

జ్ఞాపకమును మోసినవారు

నగరము చెదరినను స్మృతి నిలిచినది. దానిని నిలిపినవారిలో మన పాలకుర్కి సోమనాథుడు అగ్రగణ్యుడు. పండితభాషను కాదని, జాను తెనుగున, ద్విపదలో ఆయన బసవపురాణమును రచించెను. 1369లో భీమకవి దానిని ఆధారముగా గొని కన్నడమున బసవపురాణము వ్రాసెను. కన్నడదేశమున పుట్టిన కథ తెలుగు గ్రంథముద్వారా తిరిగి కన్నడమునకు చేరుట గమనింపదగినది. 15వ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య వచనములను సంభాషణరూపమున కూర్చి శూన్యసంపాదనమును సంకలించెను. ఆధునికకాలమున విజయపురమున న్యాయవాదియైన ఫ. గు. హళకట్టి (1880–1964) తాటాకు ప్రతులను వెదకి సేకరించి, 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగమును ప్రకటించెను.

కనబడని అదుపు

తాటాకును పసుపు కుంకుమలతో పూజించి, విప్పి చదువకున్నచో ఆ గ్రంథము ఉండియు లేనట్లే. జ్ఞాపకముకూడ అట్టిదే. ఉత్సవమునకు మాత్రమే పనికివచ్చు స్మృతి మనుష్యుని మరల ఆ పాత వరుసలోనే నిలబెట్టును.

1955 నాటి హిందూ వివాహ చట్టము వీరశైవులను, లింగాయతులను పేర్కొని తన పరిధిలో చేర్చినది. ఆ చట్టము వధూవరుల కులభేదమును వివాహమునకు అడ్డుగా ఎంచలేదు. హరళయ్య, మధువరసులకు ప్రాణము తీసిన కార్యము నేడు చట్టసమ్మతము. కాని సంబంధము వెదకునపుడు మొదట అడుగబడు ప్రశ్న ఏది? బసవజయంతినాడు ఆ ఇద్దరి త్యాగమును కీర్తించిన నోరే మరునాడు, "మనవారిలో ఏ శాఖ?" అని అడుగుచున్నచో, ఇక బిజ్జలుని దండనతో పనియేమి? అధికారి లేకయే ఆజ్ఞ అమలగుచున్నది.

పిల్లలు తల్లిదండ్రుల మాటను త్రోసిపుచ్చవలెనని దీని భావము కాదు. శిశువు మెడలో లింగము కట్టుట పెద్దల కర్తవ్యము. ఆ శిశువు పెరిగి, దాని అర్థమును విచారించి, తానుగా దానిని స్వీకరించుటకు అవకాశమిచ్చుట అంతకంటె పెద్ద కర్తవ్యము. కల్యాణ కథను పూర్తిగా, పెండ్లి సంగతితో సహా, పిల్లలకు చెప్పవలెను. విన్న పిల్లలు ప్రశ్నింతురు. ప్రశ్నకు చోటిచ్చిన ఇల్లే అనుభవ మంటపము.

విచారింపవలసిన ప్రశ్నలు

1. మన ఇంటి ఆచారములలో అర్థము తెలిసి చేయుచున్నవి ఎన్ని? నలుగురికి వెరచి చేయుచున్నవి ఎన్ని?

2. లక్కమ్మవలె ఇంటివారిని మందలించు స్వాతంత్ర్యము మన ఇంటి స్త్రీలకు కలదా?

3. హరళయ్య నేడు మన గుమ్మమున నిలిచి సంబంధమడిగినచో, మన సమాధానమేమి?