వ్యక్తిగత పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్: మంచి లక్షణాలు, తెలియాల్సిన నియమాలు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెంతా కలియబెట్టరు. ఒక్క మెతుకు పట్టి చూస్తారు. ఉద్యోగ దరఖాస్తుల కట్ట ముందేసుకుని కూర్చున్నవారు చేసేదీ అదే. ఆ మెతుకేదో మనమే ఎంచి, వాళ్ల చేతికి అందేచోట పెట్టడమే పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్ పని. డిగ్రీ, బీటెక్ విద్యార్థులకు ఇది వెబ్ టెక్నాలజీ పాఠం. పోటీ పరీక్షల అభ్యర్థులకు శాస్త్ర సాంకేతికత, సైబర్ చట్టాలతో ముడిపడిన అంశం. క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్లేవారికి నేరుగా పనికొచ్చే విషయం.

అర్థం, పరిధి

'పోర్ట్‌ఫోలియో' మాటకు మూలం ఇటాలియన్ భాష. కాగితాలు మోసుకెళ్లే సంచి అని అర్థం. చిత్రకారులు, వాస్తుశిల్పులు తమ బొమ్మలను అందులో పెట్టుకుని పని ఇచ్చేవారి దగ్గరికి వెళ్లేవారు. ఇప్పుడా సంచి వెబ్‌లోకి మారింది.

దీన్ని రెజ్యుమేతో కలగలపకూడదు. 'నాకు పైథాన్ వచ్చు' అని రెజ్యుమే చెబుతుంది; పైథాన్‌తో చేసిన పనిని పోర్ట్‌ఫోలియో ముందుంచుతుంది. మొదటిది మాట, రెండోది రుజువు. సోషల్ మీడియా ప్రొఫైల్ ఈ రెండింటికీ భిన్నం. అక్కడ అమరిక, నియమాలు, ఆయుష్షు అన్నీ ఆ కంపెనీ చేతిలో ఉంటాయి. 1994లో మొదలైన జియోసిటీస్‌లో ఎంతోమంది ఉచితంగా సొంత పేజీలు కట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని కొన్నది. 2009లో అమెరికాలో మూసేసింది. అద్దె ఇంట్లో ఎంత ముగ్గేసినా గోడలు మనవి కావు.

కాలక్రమం

- 1989: స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌ను ప్రతిపాదించారు.
- 1991: మొదటి వెబ్‌సైట్ బయటి ప్రపంచానికి అందింది. అందులో ఉన్నది ఆ వెబ్ ప్రాజెక్టు వివరమే.
- 1993 ఏప్రిల్ 30: వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని సెర్న్ ప్రకటించింది.
- 1994: వెబ్ ప్రమాణాల సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఏర్పడింది.
- 1995: బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ను రూపొందించారు.
- 1996: పేజీ అలంకరణ భాష సీఎస్‌ఎస్ తొలి ప్రమాణం వెలువడింది.
- 2008: వెబ్ పేజీలను ఉచితంగా పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్ మొదలైంది.
- 2010: తెర వెడల్పును బట్టి పేజీ తనంతట సర్దుకునే పద్ధతికి ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టారు.

హెచ్‌టీఎంఎల్ పేజీకి నిర్మాణం, సీఎస్‌ఎస్ రూపం, జావాస్క్రిప్ట్ చలనం ఇస్తాయి. చిన్న పోర్ట్‌ఫోలియోకు మొదటి రెండే చాలు.

మొదటి లక్షణం: ఎంపిక

చేసినవన్నీ పెట్టడం ఎక్కువమంది చేసే తప్పు. ల్యాబ్ రికార్డులోని కాలిక్యులేటర్ నుంచి హ్యాకథాన్ సర్టిఫికెట్ వరకు ఇరవై అంశాలు పేర్చితే, చూసేవారి కన్ను బలహీనమైనదాని మీదే పడొచ్చు. మూడు నాలుగు ప్రాజెక్టులు చాలు. కోరుకునే ఉద్యోగానికి దగ్గరగా ఉన్నది అన్నిటికంటే పైన ఉండాలి. 'నైపుణ్యం 85 శాతం' అని గీసే పట్టీలకు అర్థం లేదు. దేనిలో 85 శాతమో ఎవరూ చెప్పలేరు.

మొదటి తెర మీదే మూడు విషయాలు తెలియాలి: ఎవరు, ఏ పని చేస్తారు, ఎలాంటి అవకాశం కోసం చూస్తున్నారు. 'టెక్నాలజీ అంటే ప్రాణం' వంటి మాటలు ఎవరైనా రాయగలరు, కాబట్టి అవి ఎవరి గురించీ ఏమీ చెప్పవు.

రెండో లక్షణం: పనిని వివరించే తీరు

ప్రతి ప్రాజెక్టు కింద నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలి: సమస్య ఏమిటి? అందులో నా వంతు ఎంత? ఎదురైన చిక్కును ఎలా విప్పాను? ఇంకా మిగిలిన లోపమేమిటి?

ఒకే ప్రాజెక్టును రెండు రకాలుగా రాస్తే తేడా ఇలా ఉంటుంది.

పేలవమైన వివరణ: 'బస్సు వేళలు చూపే యాప్ చేశాను. జావా, మైఎస్‌క్యూఎల్ వాడాను.'

మంచి వివరణ: 'మా మండల కేంద్రం బస్టాండ్‌కు వెళ్తేగానీ బస్సు వేళలు తెలిసేవి కావు. నలుగురం కలిసి ఈ యాప్ చేశాం; డేటాబేస్, వెతికే భాగం నావి. ఊరి పేరును ఒక్కొక్కరు ఒక్కోలా టైపు చేయడంతో మొదట్లో బస్సులు దొరికేవి కావు. పేర్ల రూపాంతరాల పట్టిక చేర్చి సరిచేశాను. సిగ్నల్ లేనిచోట యాప్ ఇంకా పనిచేయదు.'

రెండోది చదివినవారికి ఇంటర్వ్యూలో అడగడానికి ప్రశ్న దొరుకుతుంది. ఆ ప్రశ్నకు జవాబు అభ్యర్థి దగ్గర ముందే ఉంటుంది. లోపాన్ని తానే ఒప్పుకున్నవారి మిగతా మాటలపైనా నమ్మకం పెరుగుతుంది. పక్కనే పనిచేసే లింకు, కోడ్ లింకు ఉండాలి. నొక్కితే తెరుచుకోని లింకు ఉండేకంటే లేకపోవడమే నయం.

మూడో లక్షణం: వేగం, మొబైల్ అనుకూలత

పేజీ అనుభవాన్ని కొలవడానికి గూగుల్ 'కోర్ వెబ్ వైటల్స్' పేరుతో మూడు కొలమానాలు పెట్టింది. పరీక్షల్లో అడిగే వీలున్న అంకెలివి:

- ఎల్‌సీపీ: తెరపై అతిపెద్ద భాగం కనిపించే సమయం. 2.5 సెకన్ల లోపు ఉండాలి.
- ఐఎన్‌పీ: నొక్కినప్పుడు పేజీ స్పందించే సమయం. 200 మిల్లీసెకన్లు మించకూడదు. ఎఫ్‌ఐడీ అనే పాత కొలమానం స్థానంలో 2024 మార్చిలో వచ్చింది.
- సీఎల్‌ఎస్: చదువుతుండగా పేజీలోని భాగాలు జరిగిపోయే మోతాదు. 0.1 మించకూడదు.

విద్యార్థుల సైట్లను నెమ్మది చేసేవి చాలావరకు కెమెరాలోంచి తీసింది తీసినట్టే ఎక్కించిన ఫొటోలు, అవసరం లేని కదిలే బొమ్మలు. ఫొటో కొలత తగ్గించి ఎక్కిస్తే సగం సమస్య తీరుతుంది. ఆపై సైట్‌ను మామూలు ఫోన్‌లో, వైఫై ఆపేసి తెరిచి చూడాలి.

నాలుగో లక్షణం: అందరికీ అందడం

దివ్యాంగులు సైతం వాడుకోగలిగేలా వెబ్ ఉండాలన్నది డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ఉద్దేశం. ప్రస్తుత రూపం 2.2, 2023 అక్టోబరులో వెలువడింది. దీనికి నాలుగు సూత్రాలు: గ్రహించగలగాలి, నడపగలగాలి, అర్థం కావాలి, రకరకాల పరికరాల్లో నిలవాలి. మధ్యస్థాయి అయిన ఏఏ ప్రకారం మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య తేడా నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. లేత బూడిద రంగు అక్షరాల ఫ్యాషన్ ఇక్కడే తప్పుతుంది. అర్థాన్ని మోసే ప్రతి చిత్రానికీ వివరణ వాక్యం జతచేస్తే స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది.

తెలుగులో పేజీ పెట్టేవారు యూనికోడ్‌లోనే టైపు చేయాలి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్నాయి. డీటీపీ కోసం పాత ఫాంట్లలో కొట్టిన పాఠాన్ని అలాగే అతికిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి, వెతికితే దొరకదు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగలకుండా వరుసల మధ్య ఎడం కాస్త పెంచాలి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో పేర్కొంటే స్క్రీన్ రీడర్ ఉచ్చారణ కుదురుతుంది.

చిరునామా, చోటు

అంకెల ఐపీ చిరునామాలను పేర్లతో కలిపే డొమైన్ నేమ్ వ్యవస్థను (డీఎన్‌ఎస్) 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు. ప్రపంచస్థాయిలో దీని సమన్వయం చూసేది 1998లో ఏర్పడిన ఐకాన్. మనదేశపు 'డాట్ ఇన్' డొమైన్లను నిర్వహించేది నిక్సీ. తెలుగు లిపిలో 'డాట్ భారత్' డొమైన్ కూడా ఉంది. డొమైన్ పేరు కొనుక్కునే చిరునామా, హోస్టింగ్ ఫైళ్లు ఉండే చోటు. ఈ తేడా తరచూ అడుగుతారు.

గిట్‌హబ్ పేజెస్‌లో స్థిర పేజీలను ఉచితంగా పెట్టుకోవచ్చు. సైట్ పరిమాణం 1 జీబీ దాటకూడదు. సొంత డొమైన్‌నూ జతచేయవచ్చు. అలా చేస్తే రేపు హోస్టింగ్ మారినా చిరునామా మారదు. జియోసిటీస్ నేర్పిన పాఠమిదే.

చట్టం ఏం చెబుతుంది?

- కాపీరైట్ చట్టం, 1957: కంప్యూటర్ ప్రోగ్రామ్ 'సాహిత్య రచన' కిందికే వస్తుంది. ఉద్యోగంలో లేదా అప్రెంటిస్‌షిప్‌లో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి యజమాని సంస్థే (సెక్షన్ 17). కాబట్టి అక్కడి కోడ్ బయట పెట్టేముందు అనుమతి తీసుకోవాలి. హక్కులు ఇతరులకు బదిలీ అయినా, ఆ రచన తనదేనని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది (సెక్షన్ 57).
- డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023: తన వివరాలను ఎవరైనా తానే బహిరంగపరిస్తే వాటికి ఈ చట్టం వర్తించదు (సెక్షన్ 3). ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, ఆధార్ కనిపించే సర్టిఫికెట్లు సైట్‌లో పెట్టకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ఈమెయిల్ చాలు.
- ఐటీ చట్టం, 2000: బయటపెట్టిన వివరాలను ఎవరైనా దుర్వినియోగం చేస్తే అక్కరకొచ్చేది ఇది. ఇతరుల పాస్‌వర్డ్ లేదా గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడటం సెక్షన్ 66సీ, కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసగించడం సెక్షన్ 66డీ కింద నేరాలు. రెంటికీ 3 ఏళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా. సైబర్ ఆర్థిక మోసాల హెల్ప్‌లైన్ 1930.

మాదిరి ప్రశ్నలు

1. నొక్కినప్పుడు పేజీ స్పందించే వేగాన్ని కొలిచేది?
ఎ) ఎల్‌సీపీ బి) ఐఎన్‌పీ సి) సీఎల్‌ఎస్ డి) డీఎన్‌ఎస్

2. 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టినవారు?
ఎ) టిమ్ బెర్నర్స్-లీ బి) బ్రెండన్ ఐక్ సి) ఈథన్ మార్కాట్ డి) పాల్ మొకాపెట్రిస్

3. డబ్ల్యూసీఏజీ ఏఏ స్థాయిలో మామూలు అక్షరాలకు కనీస రంగుల తేడా నిష్పత్తి?
ఎ) 2:1 బి) 3:1 సి) 4.5:1 డి) 10:1

4. ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రామ్‌కు, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి కాపీరైట్ యజమాని?
ఎ) ఉద్యోగి బి) యాజమాన్య సంస్థ సి) ప్రభుత్వం డి) హోస్టింగ్ సంస్థ

జవాబులు: 1-బి, 2-సి, 3-సి, 4-బి

వ్యాసరూప ప్రశ్న: 'రెజ్యుమే మాట, పోర్ట్‌ఫోలియో రుజువు.' మీరు చేసిన ఒక ప్రాజెక్టును ఉదాహరణగా తీసుకుని 150 పదాల్లో చర్చించండి. రాశాక దాన్ని పారేయకండి. మీ సైట్‌లో పెట్టాల్సిన మొదటి వివరణ అదే.