ఉప్పుగాలియు ఇంటి శుభ్రతయు

గంజాము జిల్లాలోని గోపాలపురమువంటి తీరపు ఊళ్లలో కిటికీ ఊచలను పొడిబట్టతో ఎంత తుడిచినను మరునాటికి మరల జిగట పట్టును. అలల తుంపరలతో గాలిలో చేరిన ఉప్పు వానిపై పలుచని పొరగా నిలుచుటయే ఇందుకు కారణము. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటినచో ఉప్పు ఆ తేమను పీల్చుకొని కరగును. సముద్రపు ఉప్పులో కలసియున్న మెగ్నీషియము క్లోరైడు ఇంకను తక్కువ తేమకే చెమ్మగిల్లును. ఆ ఉప్పునీటిలో ఇనుము త్వరగా తుప్పుపట్టును.

కావున ఊచలను, బందులను ముందు మంచినీటితో కడిగి, తుడిచి, బాగుగా ఆరిన పిదపనే నూనె పూయవలెను. ఉప్పుమీదనే పూసినచో అడుగున తుప్పు సాగుచునే యుండును. బావినీరు ఉప్పనైనచో దానితో కడుగుట వ్యర్థము. పట్టి యుంచిన వాననీరు మేలు.

ఇక పుస్తకముల మాట. ఇచట తెలుగు పుస్తకము చినిగిన మరియొకటి దొరకుట కష్టము గదా! బీరువాను గోడకు జానెడు ఎడముగా నుంచి, ఎండవేళ తెరచి, ప్రొద్దు వ్రాలకమునుపే మూయుడు.