అమరికల ఫైలుపై ఎవరికి అధికారం?

ప్రశ్న: గౌడవెల్లిలోని మా శిక్షణ కేంద్రంలో డెబియన్ కంప్యూటర్లు ఉన్నాయి. బోధకులకు అనుమతులు ఇవ్వడానికి, నిర్వాహక ఆదేశాలు నడిపే సుడో ప్రోగ్రాముకు చెందిన సుడోయర్స్ ఫైలును మార్చాము. అప్‌డేట్ చేస్తే పాత ఫైలు ఉంచాలా, కొత్తది వేయాలా అని అడుగుతోంది. ఏం చేయాలి?

జవాబు: ఈటీసీ ఫోల్డరులోని అమరికల ఫైళ్లు, అనగా ప్రోగ్రాములు ఎలా నడవాలో చెప్పే పాఠ్య ఫైళ్లు, కంప్యూటరు నిర్వాహకుడి అధీనంలో ఉంటాయి కనుక, అతడు చేసిన మార్పును ప్యాకేజీ చెరపకూడదనీ, ఒక ప్యాకేజీ మరొకదాని ఫైలును నేరుగా దిద్దకూడదనీ డెబియన్ విధానం నిర్దేశిస్తుంది. తెరపై వచ్చే ప్రశ్న లోపం కాదు. ఆ నియమానికి నిదర్శనం. ముందుగా 'డి' నొక్కి తేడాలు చూడాలి. ఆపై 'ఎన్' ఎంచుకుంటే పాత ఫైలు నిలిచి, కొత్తది డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో పక్కన చేరుతుంది.

అయితే అసలు పరిష్కారం వేరు. ప్రధాన సుడోయర్స్ ఫైలును మార్పులు లేని మూలరూపంలోనే ఉంచి, సుడోయర్స్.డి ఫోల్డరులో కేంద్రానికి ప్రత్యేకమైన చిన్న ఫైలు ఉంచితే, ప్రధాన ఫైలు మారినా స్థానిక అనుమతులు చెక్కుచెదరవు, ప్రశ్న కూడా మళ్లీ రాదు. ఆ ఫైలు పేరులో చుక్క ఉంటే సుడో దానిని చదవదన్న సంగతి చాలామందికి తెలియదు. దిద్దుబాటు ఎప్పుడూ వైసుడో అనే సాధనం ద్వారానే చేయాలి, ఎందుకంటే అది వాక్యనిర్మాణ దోషాలను ముందే పట్టుకుంటుంది.

సుడో పూర్తిగా నిలిచిపోయి, రూట్ ఖాతా సంకేతపదం కూడా లేకపోతే, ప్రయోగాలు మాని లినక్స్ నిర్వాహకుడిని పిలిపించాలి.